ఒక్క స్టార్ ట్రెక్, ఇన్ని తీర్పులా?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ దృష్టిలో, టెలివిజన్లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అత్యంత తెలివైన సీరియల్ స్టార్ ట్రెక్. ఆయన మేనకోడలు నాలుగు ఎపిసోడ్లు చూసి, "మామయ్యా, ఇది అట్టముక్కల నాటకం" అని తేల్చేసింది. విజయవాడ సత్యనారాయణపురంలో నాకు తెలిసిన మరో పెద్దమనిషికి అది దూరదర్శన్లో ఆదివారం పొద్దున వచ్చిన, మొనదేలిన చెవుల మనిషి ఉన్న కార్యక్రమం. కథ ఏమిటని అడిగితే చెప్పలేరు. ఎవరైనా ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోరు.

ఇలాంటి చోట "ఎవరి అభిరుచి వారిది" అని సర్దిచెప్పడం మనకు అలవాటు. నాకు ఆ సర్దుబాటు నచ్చదు. అది వినడానికి మర్యాదగా ఉంటుంది కానీ దేన్నీ వివరించదు. ఈ ముగ్గురి అభిరుచులూ నిజానికి అంత వేరు కావు. ముగ్గురూ మంచి కథను ఇష్టపడతారు, ముగ్గురికీ ఉపన్యాసాలంటే విసుగు. చిక్కు వేరే చోట ఉంది. స్టార్ ట్రెక్ అన్న పేరు మీద వీళ్లు చూసింది ఒకే వస్తువు కాదు. కొలిచిన కొలబద్ద కూడా ఒకటి కాదు.

ముందు కొన్ని వివరాలు. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ సీరియల్ అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1966 సెప్టెంబర్ 8న మొదలై 1969 జూన్ 3న ముగిసింది. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. ఇరవైమూడో శతాబ్దంలో ఎంటర్‌ప్రైజ్ అనే వ్యోమనౌక, దాని కెప్టెన్ కిర్క్, సగం మనిషి, సగం వల్కన్ అనే వేరే గ్రహపు జాతివాడు అయిన మొనదేలిన చెవుల స్పాక్, నోటిదురుసు డాక్టర్ మెకాయ్. వారానికో గ్రహం, వారానికో చిక్కుముడి. తరువాత ఇదే పేరుతో సినిమాలు, కొత్త సీరియళ్లు వరసగా వచ్చాయి. ఇక్కడ మాట్లాడేది మొదటిదాని గురించి మాత్రమే.

దీన్ని ఎవరు ఏ వరసలో చూశారన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. తీసిన వరస వేరు, ప్రసారమైన వరస వేరు. మొట్టమొదట తీసిన నమూనా ఎపిసోడును ఛానల్ వాళ్లు ప్రేక్షకుడి బుర్రకు మరీ ఎక్కువ పని పెడుతోందని తిప్పి పంపారు. రెండో నమూనా తీస్తే ఒప్పుకున్నారు. అయినా ప్రసారానికి వచ్చేసరికి దాన్నీ పక్కన పెట్టి, మనుషుల ఒంట్లోని ఉప్పు పీల్చే భూతం ఉన్న ఎపిసోడును ముందు వదిలారు. భూతం ఉంటే జనం ఆగి చూస్తారని లెక్క. రెండో నమూనా మూడో వారంలో వచ్చింది. అందులో డాక్టరు వేరే మనిషి, స్పాక్ వేసుకున్న చొక్కా రంగు వేరు, గొంతు పెంచి అరుస్తాడు కూడా. రెండు వారాలు చూసి మనుషులను గుర్తుపట్టడం నేర్చుకున్న ప్రేక్షకుడికి మూడో వారం అన్నీ తారుమారు. వెరైటీ అనే సినిమా, టీవీ రంగాల పత్రిక సమీక్షకుడు ఇది నడిచే సీరియల్ కాదని మొదట్లోనే తీర్పు ఇచ్చాడు. ఆయన చూసింది ఆ భూతం కథ. ఆయనను తప్పుపట్టడం కష్టం.

ఇక బ్రిటన్లో బీబీసీ నాలుగు ఎపిసోడ్ల విషయంలో వెనకడుగు వేసింది. చిత్రహింసలు, పిచ్చితనం, రోగం లాంటి విషయాలున్నాయన్నది అభ్యంతరం. వాటిలో మూడు అక్కడ 1990ల దాకా ప్రసారమే కాలేదు. అమెరికాలో 1969 తరువాత స్థానిక స్టేషన్లు ఈ ఎపిసోడ్లను కొనుక్కుని రోజూ సాయంత్రాలు వేశాయి. అదనపు ప్రకటనల కోసం ఒక్కో ఎపిసోడులో కొన్ని నిమిషాలు కత్తిరించి వేశాయి.  2006లో మళ్లీ ఒక మార్పు జరిగింది. పాత వ్యోమనౌక నమూనాల దృశ్యాలను తీసేసి కంప్యూటర్ బొమ్మలతో కొత్తగా చేశారు. ఈ రోజు గుంటూరులో ఫోనులో చూసే అమ్మాయికి కనిపించే ఎంటర్‌ప్రైజ్, 1966లో కనిపించిన ఎంటర్‌ప్రైజ్ ఒకటి కాకపోవచ్చు.

మన దగ్గరికి వస్తే ఇంకో విచిత్రం. ఎనభైల్లో దూరదర్శన్ ఈ సీరియల్ వేసినప్పుడు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నది నలుపు తెలుపు టీవీ. స్టార్ ట్రెక్ చూస్తే రంగుల కోసమే పుట్టిన సీరియల్. ఎన్‌బీసీ మాతృసంస్థ ఆర్‌సీఏ రంగుల టీవీ సెట్లు అమ్మే కంపెనీ. 1966 నాటికి ఆ ఛానల్ సాయంత్రం కార్యక్రమాలన్నీ రంగుల్లో వేస్తున్నానని గొప్పగా చెప్పుకునేది. నౌకలో ఎవరి పని ఏమిటో చొక్కా రంగు చెబుతుంది. అధికారులకు పసుపు, శాస్త్రజ్ఞులకు నీలం, ఇంజనీరింగ్, భద్రతా సిబ్బందికి ఎరుపు. కొత్త గ్రహం మీద దిగగానే ముందు చచ్చేది ఎర్రచొక్కా వాడే అన్నది అమెరికాలో తరాలుగా నడుస్తున్న హాస్యం. సత్యనారాయణపురం పెద్దమనిషికి ఆ హాస్యం చెబితే అర్థం కాలేదు, ఎందుకంటే ఆయన చూసిన చొక్కాలన్నీ బూడిద రంగువే. (అసలు కిర్క్ తొడుక్కున్న బట్ట ఆకుపచ్చ ఛాయది. స్టూడియో దీపాల కింద ఫిల్ము మీద పసుపుగా పడింది. రంగుల్లో చూసినవాళ్లు కూడా సరైన రంగు చూడలేదన్నమాట.) పైగా ఇంగ్లీషు సంభాషణ, అదీ అమెరికా యాసలో. ఆ రోజుల్లో మా వైపు చాలామంది పిల్లలు ముఖాలు చూసి కథ అల్లుకున్నారు. వాళ్లకు స్పాక్ గొప్పవాడు కావడంలో ఆశ్చర్యం లేదు. మాటలు లేకుండా, ఒక కనుబొమ్మ పైకెత్తి అర్థం చెప్పగలిగిన పాత్ర అదొక్కటే.

చూసిన వస్తువు సంగతి ఇది. కొలబద్ద సంగతి ఇంతకంటే చిక్కు.

"అప్పట్లో ఎవరూ చూడలేదు, తరువాతే గొప్పదైంది" అన్న మాట తరచూ వినిపిస్తుంది. సగం నిజం. అప్పటి అమెరికాలో ఎంతమంది చూస్తున్నారో నీల్సన్ కంపెనీ లెక్కగట్టేది. సుమారు 1,200 ఇళ్లలో టీవీ సెట్లకు ఒక పరికరం తగిలించి, ఏ ఛానల్ తిరుగుతోందో నమోదు చేసేవారు. దాన్నిబట్టి దేశం మొత్తానికి అంచనా. ఆ పరికరానికి టీవీ నడుస్తోందని తెలుసు, ముందు ఎవరు కూర్చున్నారో తెలియదు. కూర్చున్నవారు కళ్లప్పగించి చూస్తున్నారా, వంట చేసుకుంటూ వదిలేశారా అన్నది అసలే తెలియదు. ఆ లెక్కలో స్టార్ ట్రెక్ మధ్యలో ఎక్కడో ఉండేది, ఏటేటా కిందికి జారింది.

ఇంకో కొలత ఉత్తరాలు. రెండో సీజన్ మధ్యలో సీరియల్ ఆపేస్తారన్న వార్త పొక్కింది. బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ కలిసి మిగతా అభిమానులను కదిలించారు. సంతకాల పిటిషన్లు కాదు, ఎవరి మాటల్లో వారు విడిగా రాయాలన్నది వారి సలహా. 1967 డిసెంబర్ నుంచి 1968 మార్చి మధ్య దాదాపు 1,16,000 ఉత్తరాలు వచ్చాయని ఛానల్ చెప్పింది. 1968 జనవరిలో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అనే సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు కాగడాలు పట్టుకుని ఛానల్ కార్యాలయానికి ఊరేగింపు తీశారు. మార్చి 1న ఎపిసోడ్ అయ్యాక సీరియల్ కొనసాగుతుందని ప్రసారంలోనే ప్రకటించారు.

ఏ కొలత నిజం? రెండూ. నీల్సన్ కొలిచింది వెడల్పు, ఉత్తరాలు చూపింది లోతు. ఒక కార్యక్రమాన్ని ఎక్కువ మంది కొంచెం ఇష్టపడవచ్చు, తక్కువ మంది ప్రాణం పెట్టవచ్చు. ప్రకటనల వ్యాపారం మొదటిదానికి డబ్బిస్తుంది, కాలం రెండోదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఉత్తరం రాసేంత ఇష్టం ఉన్నవాళ్లే ఉత్తరం రాస్తారు కాబట్టి దాన్ని జనాభిప్రాయం అనలేం. ఇప్పుడు పాత సీరియళ్లకు పదికి ఇన్ని మార్కులని ఇచ్చేవాళ్ల సంగతీ అంతే. అరవై ఏళ్ల కిందటి సీరియల్ వెతుక్కుని చూసి మార్కులు వేసేవాడు అప్పటికే సగం అభిమాని.

ఆ ఉత్తరాలు గెలిపించిన మూడో సీజన్ గురించి అభిమానుల్లోనే ఏకాభిప్రాయం ఉంది: మూడింటిలో బలహీనమైనది. కారణాలు దాచిపెట్టినవేమీ కావు. మొదట ఇస్తామన్న సమయం మార్చి ఛానల్ దాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టింది. చూసే కుర్రకారు ఆ వేళ ఇంట్లో ఉండరు. రాడెన్‌బెరీ అలిగి రోజువారీ పని వదిలేశాడు. మొదటి రెండు సీజన్ల కథలకు ప్రాణం పోసిన జీన్ కూన్ అప్పటికే వెళ్లిపోయాడు. కథల సంపాదకురాలు డొరొతీ ఫాంటానా కూడా ఆ బాధ్యత వదులుకుంది. బడ్జెట్ తగ్గించారు. ఆ సీజన్ మొదటి ఎపిసోడే "స్పాక్స్ బ్రెయిన్". ఎవరో స్పాక్ మెదడును ఎత్తుకుపోతారు, ఖాళీ తలతో ఉన్న అతన్ని మీటల పెట్టెతో నడిపిస్తూ మిగతావాళ్లు వెతకబోతారు. బ్రాడీపేట మేనకోడలు చూసిన నాలుగింటిలో ఇదొకటి. ఆమె తీర్పుకు నేను ఎదురు చెప్పను.

అయితే డబ్బులేమి ఎప్పుడూ నష్టమే చేయలేదు. "ది ఎంపాత్" అనే ఎపిసోడుకు సెట్టు వేసే స్తోమత లేక నల్లటి ఖాళీ వేదిక మీద నడిపారు. కొందరికి అది దరిద్రంగా కనిపించింది, డాక్టర్ మెకాయ్‌గా వేసిన డిఫారెస్ట్ కెల్లీకి మాత్రం ఇష్టమైన ఎపిసోడ్లలో అదొకటి.

మూడో సీజన్ గురించి చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. మొదటి సీజన్లో 29, రెండోదానిలో 26, మూడోదానిలో 24 ఎపిసోడ్లు. రెండో ఏడాదితో ఆగి ఉంటే లెక్క 55. రోజుకొకటి చొప్పున వేసుకునే స్థానిక స్టేషన్లకు ఆ సంఖ్య చాలదు, త్వరగానే మళ్లీ మొదటికి రావాలి. 79 ఉన్నాయి కాబట్టే పునఃప్రసారాలు గిట్టుబాటయ్యాయి, ఆ పునఃప్రసారాలతోనే స్టార్ ట్రెక్ స్టార్ ట్రెక్ అయింది. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల మొదటి పెద్ద సమావేశం పెడితే, కొన్ని వందల మంది వస్తారనుకున్న చోటికి వేలల్లో వచ్చారు. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టడానికీ అభిమానుల ఉత్తరాలే కారణం. అందరూ తిట్టే సీజనే మిగతా రెండింటినీ బతికించింది.

ఇప్పుడు ఆ "అట్టముక్కల నాటకం" అన్న మాటకు వద్దాం. అందులో రెండు ఆరోపణలున్నాయి. సెట్లు చవక, నటన అతి. మొదటిది నిజమే, వాదించను. రెండోది మాత్రం కాస్త ఆగి ఆలోచించవలసినది. కిర్క్ పాత్రధారి విలియం షాట్నర్ కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో షేక్స్పియర్ నాటకాలు వేసి వచ్చినవాడు. అప్పటి టీవీ తెర చిన్నది, బొమ్మ మసక. మనసులోని మాట కనుకొలకుల్లో దాచుకునే నేటి నటన ఆ తెర మీద కనిపించేది కాదు. గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో పద్యనాటకం చూసి పెరిగినవారికి ఇది కొత్త కాదు. వెనక వేలాడుతున్నది రంగులు పూసిన గుడ్డ అని అందరికీ తెలుసు. రాయబారం ఘట్టంలో పద్యం రాగం తీస్తే, అది సహజంగా లేదని ఎవరూ అనరు, వన్స్‌మోర్ అంటారు. కిర్క్ ఎపిసోడ్ చివర్లో శత్రువుకు ఎదురుగా నిలబడి సాగదీసి, విరిచి విరిచి చెప్పే మాటలు ఆ జాతివి. లెక్చరర్ గారికి అది అతి అనిపించకపోవడానికి కారణం ఆయన కుర్రతనంలో చూసిన రంగస్థలమేనని నా అనుమానం. మేనకోడలు పెరిగింది సినిమా దగ్గరి షాట్లతో. ఇద్దరి చెవులూ కళ్లూ వేరుగా తయారయ్యాయి. ఇద్దరిలో ఎవరికీ తమ కొలబద్ద కనిపించదు, ఎదుటివారిదే కనిపిస్తుంది.

అసలు తగాదా రాజకీయాల దగ్గర ఉంది. స్టార్ ట్రెక్ తన కాలం కంటే ముందున్నదా, తన కాలంలో కూరుకుపోయిందా?

ముందున్నదనేవాళ్లు ఉహూరా అనే పాత్రను చూపిస్తారు. అమెరికాలో నల్లజాతి స్త్రీలకు ఇంటి పనిమనిషి వేషాలు తప్ప పెద్దగా దొరకని రోజుల్లో ఆ పాత్ర వేసిన నిషెల్ నికల్స్ నౌకా నియంత్రణ గదిలో అధికారిగా కూర్చుంది. మొదటి సీజన్ తరువాత మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వారించారని ఆమే చెప్పుకుంది. జపాను మూలాలున్న సులు, రెండో సీజన్ నుంచి రష్యన్ చెకోవ్, అదీ ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా. కూరుకుపోయిందనేవాళ్లు అదే ఉహూరా పొట్టి గౌనును, ఆమెకు ఎక్కువ వారాల్లో దొరికే ఒకటి రెండు వాక్యాలను చూపిస్తారు. తిరస్కరించిన మొదటి నమూనాలో నౌకకు రెండో అధికారి ఒక స్త్రీ. ఆ పాత్రనే తీసేశారు. చిట్టచివరి ఎపిసోడులో స్త్రీలకు కెప్టెన్ పదవి ఉండదన్నట్టుగా ఒక మాట ఉంది. రెండు పక్షాల సాక్ష్యాలూ నిజమైనవే. రంగు విషయంలో ధైర్యం చేసినవాళ్లే ఆడవాళ్ల విషయంలో పిరికివాళ్లు కావచ్చు. మన చుట్టూ ఉన్న అభ్యుదయవాదుల్లో ఇది చూడనిదా?

1968 నవంబర్లో కిర్క్, ఉహూరాల ముద్దు అమెరికా టీవీలో తెల్ల, నల్లజాతుల మధ్య మొట్టమొదటిదని తరచూ రాస్తారు. అంతకుముందు సంవత్సరమే మరో కార్యక్రమంలో తెల్లజాతి గాయని నాన్సీ సినాత్రా, నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్ ముద్దు ప్రసారమైంది. "మొట్టమొదటి" అనే కిరీటం పెట్టకపోయినా ఆ దృశ్యం విలువ తగ్గదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా గుచ్చుకునే ఎపిసోడ్ "స్పేస్ సీడ్". 1967 ఫిబ్రవరిలో వచ్చింది. జన్యుపరంగా మెరుగుపరిచిన నియంత ఖాన్ నూనియన్ సింగ్ ఇందులో వస్తాడు. ఉత్తర భారతీయుడు, బహుశా సిక్కు అని ఒక పాత్ర అంచనా వేస్తుంది. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్. తలపాగా లేదు, ఉచ్చారణ ఏ దేశానిదో తెలియదు. నవ్వుకోవచ్చు. కానీ ఇంకో వైపు నుంచి చూస్తే, పాశ్చాత్య తెర మీద భారతీయుడంటే పాములవాడో వంటవాడో అయిన కాలంలో, కిర్క్‌కు సరిసమానమైన తెలివి, దర్పం ఉన్న ప్రతినాయకుడిగా చూపించారు. నాకు ఆ రెండో వాదనే బరువుగా తోస్తుంది. కథ ప్రకారం ఖాన్ 1992 నుంచి 1996 దాకా ప్రపంచంలో నాలుగో వంతును ఏలాడు. ఎనభైల్లో విజయవాడలో చూసిన పిల్లలకు అది ముందున్న కాలం. తీరా 1992 వచ్చాక మనల్ని ఏలింది కేబుల్ టీవీ.

నీతి చెప్పడంలో కూడా ఈ సీరియల్ రెండు రకాలు. 1969 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడులో ఒక గ్రహంవాళ్ల ముఖాలు సగం నలుపు, సగం తెలుపు. కుడివైపు నలుపున్నవాళ్లకు కుడివైపు తెలుపున్నవాళ్లంటే తరతరాల ద్వేషం. వర్ణవివక్ష మీద ఇంత బాహాటంగా చెప్పడం అమెరికా విమర్శకులకు మొరటుగా అనిపించింది. దాన్నే కులం తెలిసిన మన మనిషి చూస్తే మొరటుగా తోచకపోవచ్చు. బయటివాడికి ఏ తేడా కనిపించని చోట ప్రాణాలు తీసుకునేంత తేడా చూడటం మనకు దినపత్రికల విషయం.

అయినా నా ఓటు 1967 మార్చి నాటి "ది డెవిల్ ఇన్ ది డార్క్"కే. గనిలో కార్మికులను చంపుతున్న రాతి భూతాన్ని వేటాడతారు. స్పాక్ దాని మనసులోకి వెళితే అది తల్లి అని, గుండ్రటి రాళ్లనుకుని కార్మికులు పగలగొడుతున్నవి దాని గుడ్లని తెలుస్తుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. భూతం బొమ్మ మాత్రం నేల మీద పాకే దుప్పటిలా ఉంటుంది, నవ్వు ఆపుకోవాలి.

సైన్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుంటే సరిపోతుంది. మనుషులను శక్తిగా మార్చి గ్రహం మీదికి దింపే ట్రాన్స్‌పోర్టర్ భౌతికశాస్త్రంలోంచి పుట్టలేదు. వారం వారం నౌక దిగే దృశ్యం తీయడానికి డబ్బు లేక పుట్టింది. రోమన్ గ్రహం, షికాగో గూండాల గ్రహం ఎందుకున్నాయంటే స్టూడియోలో ఆ దుస్తులు, ఆ వీధులు సిద్ధంగా ఉన్నాయి. కిర్క్ చేతిలోని పరికరం సెల్‌ఫోనును ముందే ఊహించిందనే ప్రచారానికి నేను పెద్ద విలువ ఇవ్వను, చేతి రేడియోలు రెండో ప్రపంచ యుద్ధం నాటికే ఉన్నాయి.

ఒకే ఎపిసోడ్ మీద రెండు తీర్పులూ అధికారికంగా నమోదైన సందర్భం కూడా ఉంది. 1967 ఏప్రిల్ 6న వచ్చిన "ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్". కిర్క్ 1930ల న్యూయార్క్‌కు వెళ్లి, పేదలకు అన్నం పెట్టే ఈడిత్ అనే శాంతివాదిని ప్రేమిస్తాడు. ఆమె బతికితే అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా వస్తుంది, హిట్లర్ గెలుస్తాడు. చరిత్ర నిలవాలంటే ఆమె చావాలి. రాసింది హార్లన్ ఎల్లిసన్. ఆయన ప్రతిని సీరియల్ వాళ్లు బాగా మార్చేశారు. ఆయన జీవితాంతం మండిపడ్డాడు. ప్రసారమైన ఎపిసోడుకు 1968లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. ఆ ఏడాది ఆ విభాగంలో పోటీపడిన ఐదూ స్టార్ ట్రెక్ ఎపిసోడ్లే. ఆయన అసలు ప్రతికి అమెరికా రచయితల సంఘం పురస్కారం ఇచ్చింది. ఎల్లిసన్ ప్రతిలో చివరికి కిర్క్ కదలలేక నిలబడిపోతాడు, ఆమెను చావుకు వదిలేసేది స్పాక్. తెర మీద ఆమెను కాపాడబోయే డాక్టరును కిర్క్ స్వయంగా పట్టుకుని ఆపుతాడు. కెప్టెన్ అనేవాడు ప్రేమ ముందు ఓడిపోవచ్చా అన్నదే అక్కడ తగాదా. ఇది ఎన్ని లెక్కలు వేసినా తేలే తగాదా కాదు, ఇక్కడ మాత్రం నిజంగానే అభిరుచి మాట్లాడుతుంది. నాకు తెర మీదిదే ఇష్టం.

గుంటూరులోనో విజయవాడలోనో ఎవరైనా కొత్తగా మొదలుపెడతామంటే, మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూడవద్దంటాను. ముందు "బ్యాలెన్స్ ఆఫ్ టెరర్" చూడండి, రెండు నౌకల మధ్య ఎత్తుకు పైఎత్తు. తరువాత ఆ గని తల్లి కథ, ఆ పైన ఈడిత్ కథ. వీలైతే పాత దృశ్యాలున్న ప్రతినే ఎంచుకోండి. "స్పాక్స్ బ్రెయిన్" ఒంటరిగా చూడవలసినది కాదు, నలుగురు కూర్చుని వెక్కిరిస్తూ చూడండి, దాని వినియోగం అదే.